బూడిద చార చాలు!

సదస్సులో పోస్టరు ముందు ఎవరైనా ఎంతసేపు నిలబడతారు? మహా అయితే రెండు నిమిషాలు. మనవాళ్లేమో థీసిస్ మొత్తం అందులోనే కుక్కేస్తారు! అదే జ్వాలాపురం పరిశోధనను పోస్టరుగా వేయాలనుకోండి...

ఒకప్పటి కర్నూలు జిల్లాలో, బనగానపల్లె దగ్గరుందీ ఊరు. దాదాపు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద ఇక్కడి నేలలో పొరగా ఉంది. దాని కిందా రాతి పనిముట్లే, పైనా ఇంచుమించు అలాంటివే. అంత ఉత్పాతాన్నీ ఇక్కడి మనుషులు తట్టుకున్నారని పెట్రాగ్లియా, కొరిశెట్టర్ బృందం 2007లో ‘సైన్స్’ పత్రికలో వాదించింది.

దీనికి నాలుగు పేరాలెందుకు? మధ్యలో బూడిద చార, కిందా పైనా పనిముట్ల బొమ్మలు, ఆరడుగుల దూరానికి కనబడే శీర్షిక... అంతే. ఆ పనిముట్లు ఏ జాతి మనుషులవన్నది ఇంకా తేలలేదు కాబట్టి ఆ మాటా పోస్టరు మీద ఉండాల్సిందే. పక్కన నిలబడ్డ విద్యార్థి దాన్ని చదివి వినిపించనక్కర్లేదు. ‘ఈ బూడిద టోబాదేనని ఎలా తెలిసింది బాబూ?’ అని అడిగినవాళ్లకు మూలనున్న రసాయన పోలికల పట్టిక చూపిస్తే సరి.