హెబ్రీయుడను పేరు ఎవరు పెట్టిరి?

హెబ్రీయుడు అనగా ఏబెరు వంశస్థుడనియు, దేవుడు సహా వంశము చూచియే జనమును ఏర్పరచుకొనెననియు ప్రసంగించు బోధకులు కొందరున్నారు. తమ కులమును గుడిలోనికి వెంటబెట్టుకొని వచ్చినవారు ఆ మాటకు సంతోషముతో తల యూపుదురు. ప్రియులారా, లేఖనము ఈ బోధను నిలువనిచ్చునేమో బైబిలు తెరచి చూడుడి.

షేము ఏబెరు సంతతివారందరికి పితరుడని ఆదికాండము 10:21 చెప్పుట నిజమే. అయితే అదే అధ్యాయములో ఏబెరు కుమారుడైన యొక్తానుకు 13 మంది కుమారులు లెక్కింపబడిరి. వారిలో ఒక్కనినైనను లేఖనము హెబ్రీయుడనలేదు. లోతు సంతానమైన మోయాబీయులు, అమ్మోనీయులు, ఇంకను ఇష్మాయేలు సంతానము, వీరందరు ఏబెరు రక్తమే గదా! వీరికిని ఆ పేరు లేదు. రక్తమునుబట్టియే పేరు వచ్చినయెడల వీరి వంతు ఏమైనది? ఆ బోధకులు జవాబు చెప్పవలెను.

హెబ్రీ భాషలో ఆ మాట 'ఇబ్రీ'. 'అబర్' అనగా దాటుట. 'ఏబెర్' అనగా ఆవలి ఒడ్డు. ఆ పేరు మొదట కనబడునది ఆదికాండము 14:13లో, అబ్రామునుగూర్చి. క్రీస్తుకు పూర్వమే ఆ గ్రంథమును గ్రీకులోనికి తిప్పిన యూదులు అచ్చట వంశనామము వ్రాయక, దాటివచ్చినవాడని అర్థమిచ్చు మాట వ్రాసిరి. యెహోషువ 24:3 చూడుడి. దేవుడు అబ్రాహామును నది అద్దరినుండి తోడుకొని వచ్చెను. ఆ నది యూఫ్రటీసు. అనగా ఏరు దాటి వచ్చిన పరదేశి.

1887లో ఐగుప్తులోని అమర్నాలో మట్టిపలకల ఉత్తరములు దొరికినవి. క్రీ.పూ. 14వ శతాబ్దములో కనాను పట్టణాధిపతులు ఫరోకు వ్రాసినవి వాటిలో అనేకము. 'హబీరు' అనువారిమీద అందులో ఫిర్యాదులున్నవి. అది ఒక వంశము పేరు కాదు. నిలువ నీడలేక తిరుగువారి పేరు. ఆ మాటయు 'ఇబ్రీ'యు ఒకటేనా అని పండితులు నేటికిని వాదించుచున్నారు గనుక నేను దానిమీద ఇల్లు కట్టను.

లేఖనములో ఈ పేరు ఎవరి నోట వినబడుచున్నదో గమనించితిరా? యోసేపుమీద నింద మోపిన పోతీఫరు భార్య నోట. గుహలలో దాగినవారిని హేళన చేసిన ఫిలిష్తీయుల నోట (1 సమూయేలు 14:11). ఓడవారు అడుగగా యోనా ఈ పేరే చెప్పుకొనెను. కొనబడిన దాసునిగూర్చిన ధర్మశాస్త్రములోను ఈ పేరే. ఇంటివారు ఇశ్రాయేలని పిలిచికొనగా, బయటివారు హెబ్రీయులనిరి.

ఇక ఆదికాండము 43:32. యోసేపుకు వేరుగా, అన్నదమ్ములకు వేరుగా, ఐగుప్తీయులకు వేరుగా వడ్డించిరి. హెబ్రీయులతో కలిసి భుజించుట ఐగుప్తీయులకు హేయము. ఈ వచనమును మన పల్లెవారికి ఎవరును వివరింపనక్కరలేదు! ప్రేమవిందులో పంక్తులు వేరుచేయుచు హెబ్రీయుల వంశము చూపించువారు, తాము ఆ దినమున ఏ పంక్తిలో కూర్చుండియుందురో చెప్పుదురు గాక.

పౌలు తన్ను హెబ్రీయుడని చెప్పుకొనలేదా అని వారడుగుదురు. చెప్పుకొనెను, ఫిలిప్పీయులకు 3:5లో. అక్కడ ఆగక మరి రెండు వచనములు చదువుడి. ఆ లాభమును ఆయన క్రీస్తు నిమిత్తము నష్టమని లెక్క కట్టెను.