ముప్పై వేల టెంటు, ఏడొందల గొట్టం

ఒక వస్తువు మంచిదా కాదా అని తేల్చుకోడానికి నా దగ్గర ఒక పరీక్ష ఉంది. దానికి ఖమ్మం పరీక్ష అని పేరు పెట్టుకున్నా. ఆ వస్తువులో అన్నిటికన్నా ముందు పాడయ్యే ముక్క ఏదో చూడాలి. ఆ ముక్క ఖమ్మంలో, పోనీ కొత్తగూడెంలో, పోనీ భద్రాచలంలో విడిగా దొరుకుతుందా? దొరికితే మంచి వస్తువు. దొరక్కపోతే, ఎవరెస్టు ఎక్కినాయన దాన్ని వీపున తగిలించుకుని ఫొటో దిగినా సరే, నా లెక్కలో అది ఫెయిలే.

నవ్వకండి. ఈ పరీక్షలో ఎప్పుడూ ఫస్టు వచ్చేది పొలంలో మందు కొట్టే పంపు. మూడు వేలకి అటూ ఇటూగా వస్తుంది. సీజనంతా ఎండలో ఎండుతుంది, వానలో తడుస్తుంది, మందులో నానుతుంది. బెల్టు తెగుతుంది, వాచర్ అరుగుతుంది, నాజిల్ పూడుకుపోతుంది, బ్యాటరీ చతికిలపడుతుంది. ఖమ్మం మిర్చి యార్డు చుట్టుపక్కల అడిగితే ఇవన్నీ విడివిడిగా ఇస్తారు. కౌంటర్లో కుర్రాడు కంపెనీ పేరు కూడా అడగడు. "పెద్ద వాచరా, చిన్న వాచరా అన్నా?" అంతే. బిల్లు ఉందా, ఎప్పుడు కొన్నారు, ఫొటో పంపండి... ఇవేవీ ఉండవు. కుక్కర్ గాస్కెట్టు అంతే, గ్యాసు స్టవ్ బర్నర్ అంతే. ఎప్పుడో వందేళ్ళ కిందట జర్మనీలో పుట్టిన పెట్రోమాక్స్ లైటు మన పెళ్ళిళ్ళలో, జాతరల్లో అన్నేళ్ళు వెలిగిందంటే కారణం ఊరూరా మాంటిల్ దొరకడమే కదా.

ఇప్పుడు నా టెంటు సంగతి. ఇద్దరు పడుకునేది, బయటి దేశంది, రెండేళ్ళ కిందట ఆన్‌లైన్లో రూ. 31,500 పెట్టి కొన్నా. అంత ఖరీదెందుకూ అంటే, బరువు తక్కువ, గాలికి ఆగుతుంది, లోపలి దోమతెర గట్టిది. మా బావ వాళ్ళ మిర్చి చేను దుమ్ముగూడెం అవతల అడవి అంచున ఉంటుంది. కాయ కోసి కల్లంలో ఎండబోశాక రాత్రుళ్ళు ఎవరో ఒకరు అక్కడే పడుకోవాలి. సెలవు దొరికినప్పుడల్లా ఆ డ్యూటీ నేను అడిగి మరీ తీసుకుంటా. (హైదరాబాదులో నా క్యూబికల్ చూస్తే ఎందుకో మీకే అర్థమవుతుంది.) ఏజెన్సీలో మలేరియా అంటే టాబ్లెట్టు వేసుకుని లేచిపోయే జ్వరం కాదు, అందుకే ఆ దోమతెర నాకు షోకు కాదు.

ఏప్రిల్లో ఒక రాత్రి గాలిదుమారం, వెనకే వాన. బావా నేనూ పరిగెత్తి మిర్చి మీద పట్టాలు కప్పి, రాళ్ళు పెట్టి వచ్చేసరికి టెంటు ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. పోల్‌లో తొమ్మిది ముక్కలుంటాయి, లోపల ఎలాస్టిక్ తాడు. అందులో ఒక్క ముక్క చివర నిలువుగా చీలింది. మిగతా టెంటు అంతా నిక్షేపంగా ఉంది. గుడ్డ చిరగలేదు, జిప్పు పోలేదు. జానెడున్నర అల్యూమినియం గొట్టం, అంతే.

అదే ముక్క వాళ్ళ యూరప్ సైట్లో ఏడు యూరోలు. మన డబ్బుల్లో ఏడొందల చిల్లర. సరే, సింపులే కదా అని మెయిల్ పెట్టా.

మొదటి జవాబు: మీ అభిప్రాయం మాకు అమూల్యం. (నేను అభిప్రాయం ఏమీ చెప్పలేదు, గొట్టం అడిగాను.) రెండోది: బిల్లు, ఫొటోలు పంపండి. పంపా. మూడోది: ఫొటో స్పష్టంగా లేదు. ఈసారి పక్కన స్కేలు పెట్టి, వెర్నియర్ కాలిపర్స్‌తో బయటి వ్యాసం 8.7 మిల్లీమీటర్లని కొలిచి మరీ పంపా. నాలుగోది: గాలి వల్ల విరిగింది కాబట్టి వారంటీ వర్తించదు. అయ్యా, నేను ఉచితంగా అడగట్లేదు, డబ్బులిస్తా, కొరియర్ ఖర్చు కూడా నాదే, అమ్మండి చాలు అని రాశా. ఐదోది: ఇండియాలో విడి భాగాలు అమ్మబడవు, కానీ మీరు మా విలువైన కస్టమర్ కాబట్టి కొత్త టెంటు మీద 15 శాతం తగ్గింపు ఇస్తున్నాం.

లెక్క వేశా. తగ్గింపు పోగా రూ. 26,775. ఏడొందల గొట్టానికి.

పోనీ యూరప్ వాళ్ళనే అడుగుదామని వాళ్ళకి రాస్తే, మీ దేశానికి మేం పంపం, ఇండియా టీముని సంప్రదించండి అన్నారు. ఇండియా టీము ఏమో యూరప్ సైటు లింకు ఇచ్చింది. ఇంజనీరింగులో రికర్షన్ చెప్పేటప్పుడు బేస్ కేస్ రాయకపోతే ఏమవుతుందో బోర్డు మీద గీసి చూపించేవాళ్ళు. ఇదే అది.

చివరికి ఫోన్ చేశా. అవతల అమ్మాయి ఇంగ్లీషులో మొదలుపెట్టింది. పిన్‌కోడ్ 507111, భద్రాచలం అనగానే తెలుగులోకి దిగిపోయింది. "రాములవారి గుడి కదండీ, చిన్నప్పుడు వచ్చాం" అంది. ఆ అమ్మాయి మీద నాకే కోపమూ లేదు. నిజం చెప్పిన మనిషి తనొక్కతే: "సర్, మా సిస్టంలో పోల్ అనే ఐటమే లేదండీ. టెంటు ఉంది, అంతే. లేని ఐటం మీద నేను ఆర్డర్ ఎలా పెట్టను?"

నా ఉద్దేశంలో అసలు జబ్బు ఇదే. కస్టమర్ కేర్ వాళ్ళకి మర్యాద లేదనో, ఆలస్యం చేస్తారనో మనం తిట్టుకుంటాం. వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు, జవాబులూ గంటల్లోనే వచ్చాయి. కానీ దిగుమతి చేసినవాడు తెచ్చింది ఒకే ఒక్క ఐటం కోడు, టెంటు. దాని కింద పోల్, ముక్క, జిప్పు రన్నర్, బకిల్ అని వరసలేవీ డేటాబేసులో లేవు. వరస లేకపోతే ధర ఉండదు, స్టాకు ఉండదు, అమ్మకం ఉండదు. కస్టమర్ కేర్లో ఎంత మంచి మనిషిని కూర్చోబెట్టినా చేతిలో ఏమీ లేనప్పుడు ఇవ్వగలిగింది కూపన్ ఒక్కటే. టికెట్ల వ్యవస్థలు ఎలా పనిచేస్తాయో నాకు తెలుసు, మా ఆఫీసులోనూ అవే. ఎంతసేపట్లో జవాబిచ్చారు, ఎన్ని మూసేశారు అని కొలుస్తారు. టెంటు మళ్ళీ నిలబడిందా అని కొలిచే కాలమ్ ఉండదు. ఫోన్ పెట్టేసిన పది నిమిషాలకి మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవకి ఎన్ని నక్షత్రాలిస్తారు అని. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

దీనికి స్నేహితుడొకడు అన్నాడు, "ఇండియాలో ఖరీదైన టెంట్లు కొనేవాళ్ళు ఎంతమందిరా, ప్రతి మోడల్‌కీ ప్రతి ముక్కా తెచ్చి గోడౌన్లో పెట్టుకుంటే వాడు మునిగిపోతాడు" అని. సగం నిజమే. కానీ ఈ వస్తువులు పైకి కనిపించినన్ని రకాలు కావు. టెంటు పోల్స్ చాలా కంపెనీలు సొంతంగా చెయ్యవు, కొరియాలో డీఏసీ లాంటి ఒకరిద్దరి దగ్గర కొంటాయి. వ్యాసాలు నాలుగైదు రకాలు. జిప్పు అయితే మరీ సులువు. వైకేకే జిప్పు రన్నర్ వెనకాల చూడండి, 5 అనో 8 అనో 10 అనో అంకె ఉంటుంది, అదే సైజు. బ్యాగు బెల్టు బకిళ్ళు 20, 25, 38, 50 మిల్లీమీటర్లు. ఒక డబ్బాలో పట్టే సరుకు. ఎరువుల కొట్టువాడు వాచర్లు పెట్టుకున్న డబ్బా అంత! అది పెట్టుకోలేనివాడు జీవితకాలపు గ్యారంటీ అని అట్టపెట్టె మీద ఎలా రాయించుకుంటాడో నాకర్థం కాదు. ఎవరి జీవితకాలం?

మా రంగంలో తిట్టుకోడానికి చాలా ఉంది గానీ, ఈ ఒక్క విషయంలో మేమే నయం. విండోస్ ఎక్స్‌పీ 2001లో వచ్చింది, 2014 ఏప్రిల్ 8తో సపోర్ట్ ఆపేశారు. విండోస్ 10 కి 2025 అక్టోబర్ 14. ఇష్టం ఉన్నా లేకపోయినా ఆ తేదీలు ఏళ్ళ ముందే అందరికీ తెలుసు. టెంటుకి అలాంటి తేదీ ఏది? కొన్న మర్నాటి నుంచే సపోర్ట్ లేదని ఎక్కడ రాశారు? యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి ఫోన్లకీ టాబ్లెట్లకీ రూలు పెట్టారు, మోడల్ అమ్మకం ఆగిపోయాక కూడా ఏడేళ్ళు ముఖ్యమైన విడి భాగాలు ఇవ్వాలని. అక్కడా టెంట్లు లేవనుకోండి, కానీ దారంటూ ఒకటి పడింది.

మన దగ్గర ఏమీ జరగలేదని అనను. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి రూ. 2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది, విడి భాగాలు బయటి మెకానిక్కులకి దొరక్కుండా చేస్తున్నారని. కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయి, అది వేరే కథ. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబర్లో పోర్టల్ తెరిచింది. అందులో తీసుకున్న రంగాలు నాలుగు: వ్యవసాయ పరికరాలు, ఫోన్లూ టాబ్లెట్లూ, ఇంట్లో వాడే మన్నికైన వస్తువులు, వాహనాలు. చూశారా, ఇక్కడా మందు పంపుదే పై చెయ్యి! టెంటు, వీపు బ్యాగు, తలలైటు, వాన కోటు ఈ నాలుగింటిలో ఎక్కడా ఇమడవు. విహారానికి వాడుకునే సరుకులే కదా, ఉన్నవాళ్ళ గొడవ అనుకుని ఉంటారు.

అక్కడే నాకు మండుతుంది. హైదరాబాదులో అది విహారం కావచ్చు. గోదావరి గట్టున బయట పడుకోవడం హాబీ కాదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీళ్ళు 71.3 అడుగులకి వచ్చాయి, మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 53 దగ్గర. అలాంటప్పుడు ఇల్లు వదిలి మెరకకి చేరిన మనిషికి నెత్తి మీద గుడ్డ నిలబడుతుందా లేదా అన్నదే ప్రశ్న. కల్లం కాపలా రైతు, అడవిలో తిరిగే బీట్ ఆఫీసర్, గూడేలకి నడిచి వెళ్ళే ఆశా కార్యకర్త... అందరికన్నా ఎక్కువ రోజులు బయట తిరిగేది వీళ్ళే. వీళ్ళు మంచి సరుకు ఎందుకు కొనరు? డబ్బుల్లేక మాత్రమే కాదు. మా బావ మిర్చి బాగా పలికిన ఏడాది కూడా రెండొందల తలలైటే కొన్నాడు. "పోతే భద్రాచలంలో వైరు అతికించి ఇస్తాడు బావా, నీదాన్ని ఎవడు ముట్టుకుంటాడు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఇంతకీ ఏమన్నా చెయ్యొచ్చా అంటే, కొంత చెయ్యొచ్చు. దిగుమతి సరుకు ప్యాకెట్ మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఫిర్యాదు నంబరు తప్పనిసరిగా ఉండాలి, తూనికలు కొలతల రూల్సు 2011 నుంచీ అదే చెబుతున్నాయి. ఆ అట్టపెట్టె పారెయ్యకండి. ఆన్‌లైన్లో కొంటే 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. నాకు 48 గంటల్లోనే అందిందని చెప్పారు. తేల్చడం అంటే మళ్ళీ ఆ 15 శాతం కూపనే. 1915 కి ఫోన్ చేసి నమోదు చేయించా, వాళ్ళు కంపెనీకి పంపారు. జిల్లా కమిషన్‌కి వెళ్తే, 2019 చట్టం వచ్చాక మనం ఉండే చోటే కేసు వేసుకోవచ్చు, ఐదు లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు. ఆ కాగితాలు తయారు చేస్తున్నా. గెలుస్తానని గ్యారంటీ ఏమీ లేదు, ఎందుకంటే గొట్టం విడిగా అమ్మి తీరాలని వాళ్ళు ఎక్కడా రాసివ్వలేదు. జీవితకాలపు గ్యారంటీ అన్న ముక్క మీదే నిలబడాలి.

ఈలోపు వానాకాలం ఆగదు కదా. ఖమ్మంలో లేత్ మిషన్ ఆయన దగ్గరికి చీలిన ముక్క తీసుకెళ్ళా. అటూ ఇటూ తిప్పి చూసి, "ఏం సార్, గింత దానికి పరేషానా?" అని ఒక అల్యూమినియం కడ్డీ తీసుకుని, లోపల బోరు కొట్టి, మూడంగుళాల తొడుగు చేసి, చీలిన చోట తొడిగి ఇచ్చాడు. అరగంట, నూట యాభై రూపాయలు. నా టెంటు పోల్ మీద క్లిప్పులతో తగిలించేది కాబట్టి సరిపోయింది, అదే గుడ్డ గొందిలోంచి దూర్చేదయితే ఆ తొడుగు లోపలే ఇరుక్కునేది. పైగా తొడుగు ఉన్న చోట పోల్ వంగదు, గట్టి గాలి వస్తే భారం దాని అంచు దగ్గర పడుతుంది. అంటే అసలు ముక్కకి ఇది సమానం కాదు. ఆ సంగతి ఆయనే చెప్పాడు, కంపెనీ వాడు చెప్పలా.

ఈ ఫొటో కూడా పంపా వాళ్ళకి, చూడండి ఎంత చిన్న పనో అని. వెంటనే జవాబొచ్చింది: అనధికారిక మార్పులు చేసినందువల్ల ఈ ఉత్పత్తికి వారంటీ రద్దయింది.

తలలైటు ఒకటి కొనాల్సి ఉంది. ఈసారి డబ్బు కట్టకముందే ఇంకో కంపెనీకి రాశా, బ్యాటరీ మూత విడిగా అమ్ముతారా, ఎంత, భద్రాచలం పంపుతారా అని. నాలుగు రోజులైంది. ఫొటో పంపమన్నారు.