గడ్డి మిషన్ పట్టినవాని కన్ను ఎవరి బాధ్యత?

తొలకరి పడి నెల తిరగకముందే బాలానగర్‌లో ఖాళీ జాగాలన్నీ వయ్యారిభామతో నిండిపోతాయి. పారిశ్రామికవాడ షెడ్ల వెనుక, కాలనీ మురుగుకాల్వల గట్లపై అది నడుమెత్తు పెరుగుతుంది. పాములు చేరుతున్నాయని ఫిర్యాదులు వస్తాయి. మరునాడు ఒక కూలీ పెట్రోలు బ్రష్ కట్టర్‌ను భుజాన తగిలించుకుని దిగుతాడు. కాళ్లకు రబ్బరు చెప్పులు, ముఖానికి తువ్వాలు. కళ్లకు మాత్రం ఏమీ ఉండదు.

ఆ కంటి బాధ్యత పని చేసేవానిది కాదు, చేయించుకునేవారిది. ఇది నా నిశ్చితాభిప్రాయం.

ఆ యంత్రపు బ్లేడు నిమిషానికి వేలసార్లు తిరుగుతుంది. పొలంగట్టున దానికి తగిలేది మహా అయితే రాయి. లేత్‌లు తిరిగే మన పేటలో గడ్డి కింద ఇనుప రజను, నట్లు, వెల్డింగు రాడ్ల ముక్కలు ఉంటాయి. ఆవగింజంత ఇనుపముక్క కంట్లోకి చొచ్చుకుపోయినా తొలుత నొప్పి స్వల్పంగానే ఉండవచ్చు. చూపూ ఉంటుంది. "నలుసు పడింది, అదే పోతుంది" అని ఇంటికి వెళ్తాడు. లోపల మిగిలిన ఇనుము నెమ్మదిగా కరిగి, నెలల తరబడి రెటీనాను దెబ్బతీస్తుంది. అందుకే మిషన్ నడుపుతుండగా కంటికి ఏదైనా తగిలితే నలపకూడదు. గుచ్చుకున్నదాన్ని లాగకూడదు, చనుబాలు, ఆకుపసరు పోయకూడదు. కన్ను నొక్కుకోకుండా పైన కాగితపు కప్పు బోర్లించి టేపుతో అతికించి, మెహిదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రికో, మరో నేత్రవైద్యశాలకో అదే రోజు చేర్చాలి. ఇనుము తగిలిందని వైద్యునికి తప్పక చెప్పాలి. అది తెలియక ఎమ్మారై తీస్తే అయస్కాంతం ఆ ముక్కను కదిలిస్తుంది.

ఇక యంత్రం సంగతి. పొడవైన నైలాన్ తాడు పట్టడానికి గార్డు ఊడదీయడం, తాడు త్వరగా తెగుతోందని దాని స్థానంలో ఇనుప తీగ బిగించడం ఇక్కడ సామాన్యమైపోయింది. తెగిన తీగముక్క తూటాతో సమానం. తయారీదారులు చుట్టూ 15 మీటర్ల మేర ఎవరూ ఉండరాదని చెబుతారు. మన పిల్లలేమో పక్కనే నిలబడి తమాషా చూస్తారు. గడ్డి ఇరుక్కుంటే ఇంజను ఆపి, ప్లగ్ క్యాప్ తీశాకే బ్లేడు మీద చేయి వేయాలి. వేడి ఇంజనులో పెట్రోలు పోయరాదు. పోసిన చోటే స్టార్టు చేయకుండా పది అడుగులు జరగాలి. బ్లేడులో సన్నని పగులు కనిపించినా పారేయవలసిందే, వెల్డింగు చేయించే తెలివి ఇక్కడ పనికిరాదు.

చెవుల మాట ఎవరూ ఎత్తరు. ఈ యంత్రాల మోత 100 డెసిబెళ్ల దరిదాపుల్లో ఉంటుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆ స్థాయికి చెవి సురక్షితంగా ఓర్చేది రోజుకు 15 నిమిషాలే. మనవాడు ఉదయం నుంచి సాయంత్రం దాకా నడుపుతాడు. ఆపై వయ్యారిభామ పొడి వల్ల దద్దుర్లు, ఆయాసం.

సనత్‌నగర్‌లో ఈఎస్ఐ ఆసుపత్రి కూతవేటులోనే ఉంది. అయినా రోజుకూలీకి ఆ కార్డు సాధారణంగా ఉండదు. 2025 దాకా అమలులో ఉన్న 1923 నాటి పరిహార చట్టం, రెండవ కన్ను బాగుండి ఒక కన్ను పోతే సంపాదనా శక్తిలో 40 శాతం నష్టమని లెక్కగట్టింది. ఆ లెక్క తేలాలన్నా యజమాని ఎవరో ముందు తేలాలి. కాలనీ సంఘం కాంట్రాక్టరును చూపుతుంది, కాంట్రాక్టరు మేస్త్రీని చూపుతాడు, మేస్త్రీ ఫోను ఎత్తడు.

కనుక సంఘాల పెద్దలకు ఒక మనవి. కళ్లజోడు లేదని ఆ మనిషిని తిప్పిపంపకండి, పాపం ఆనాటి కూలి పోతుంది. సంఘం గదిలోనే ఒక జత ఉంచండి: పక్కలు మూసిన కళ్లజోడు, దానిపైన ముఖకవచం, చెవులకు మఫ్‌లు, బూట్లు. జాలీ కవచం ఒక్కటే చాలదు, సన్నని రజను దాని కన్నాల్లోంచి దూరుతుంది. అవి అతని చేతికిచ్చి, గార్డు ఉందో లేదో చూసి, పిల్లలను లోపలికి పిలిచాకే తాడు లాగనివ్వండి.