పైచర్మం లాగితే వయసు తగ్గుతుందా?

అక్కచెల్లెళ్లూ! అద్దంలో బుగ్గలు జారినట్టు కనబడితే మనసు చివుక్కుమనని వాళ్లెవరు చెప్పండి? 'ఫేస్‌లిఫ్ట్' అనే మాట ఇప్పుడు మన ఊళ్లలోనూ వినబడుతోంది. ఆశపడే ముందు దాని కథ కాస్త తెలుసుకుందాం.

1900 తర్వాత తొలి ఏళ్లలో బెర్లిన్, పారిస్ డాక్టర్లు చెవి ముందు, జుట్టు అంచున కొంత చర్మం కోసేసి, మిగిలింది లాగి కుట్టేవారు. పారిస్‌లో సుజాన్ నోయెల్ అనే లేడీ డాక్టరు ఇందులో పేరు తెచ్చుకున్నారు. ముడతల వల్ల ఉద్యోగం పోతుందేమోనని భయపడే ఆడవాళ్లకు ఇది అవసరమేనని 1926లో పుస్తకం కూడా రాశారావిడ.

అయితే చర్మం సాగే గుణం గలది. కొన్నాళ్లకే మళ్లీ జారేది. గట్టిగా లాగితే ముఖం బిగిసిపోయి, మచ్చ వెడల్పయ్యేది. పరుపు కుంగిపోతే పైదుప్పటి ఎంత లాగి దోపితే ఏం లాభం?

ఆ పరుపు సంగతి 1970లలో తేలింది. స్వీడన్ డాక్టరు టోర్డ్ స్కూగ్ చర్మంతోపాటు కింది పొరనూ కలిపి ఎత్తారు. 1976లో ఫ్రాన్సు డాక్టర్లు మిట్జ్, పెయ్‌రోనీ ఆ పొరను వివరించి 'స్మాస్' అన్నారు. బిగువంతా దానిమీదే ఉంచితే చర్మాన్ని లాగే పని తగ్గింది. 1990లో అమెరికా డాక్టరు శామ్ హామ్రా ఇంకా లోతుగా వెళ్లే 'డీప్ ప్లేన్' పద్ధతి చెప్పారు. వయసుతో ముఖంలో కొవ్వు కూడా తగ్గుతుందని గ్రహించాక, పొట్ట దగ్గరో తొడ దగ్గరో తీసిన కొవ్వును గుంటల్లో నింపడమూ మొదలైంది.

ఇక మనకు కావలసిన మాట. లోతుకు వెళ్లేకొద్దీ ముఖాన్ని కదిలించే నరాలు దగ్గరవుతాయి. అందుకే చేసే చెయ్యి ముఖ్యం. ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. గానీ డి.ఎన్.బి. గానీ చేశారా, ఇలాంటివి ఎన్ని చేశారు, ఏ పద్ధతి అని మొహమాటపడకుండా అడగండి. బి.పి. ఉన్నా, రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నా దాచకండి. చర్మం కింద రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ.

ఇంకొకటి. ఈ ఆపరేషన్‌తో మంగు మచ్చలు పోవు, వయసూ ఆగదు. గాజులు కుదువపెట్టి, ఎవరో ఏదో అన్నారని మాత్రం వెళ్లకండి. వెళ్లినా, మానినా అది మీ ఇష్టం కావాలి. తెలిసి తీసుకున్న నిర్ణయం కావాలి.