పాత కెర్నల్ తీసేయొద్దు

 

నేను కెర్నల్ కంపైల్ చేస్తున్నా అంటే ఒక అన్న "తమ్మీ, మనకెందుకు అవన్నీ, ఎంఎస్ ఆఫీస్, ట్యాలీ నేర్చుకో" అన్నడు. అన్న మీద కోపం లేదు. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు, నాకూ భయం ఉండె. కానీ ఆ మాట ఒప్పుకోను. ముందు నేను చేసిన తప్పు చెప్తా.

మా రూమ్‌లో ఆరుగురికి ఒక్కటే పాత ల్యాప్‌టాప్. 4 జీబీ ర్యామ్, ఉబుంటు. రాత్రి మెస్‌లో తిన్నాక కంపైల్ పెడితే తెల్లారి టిఫిన్ టైముకు అయింది. ఆ సంబరంలో తయారైన కెర్నల్ ఫైల్ ఒక్కటే బూట్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, గ్రబ్ అప్‌డేట్ చేసి రీస్టార్ట్ కొట్టిన. నల్ల స్క్రీన్ మీద కెర్నల్ ప్యానిక్. రూట్ ఫైల్ సిస్టమ్ మౌంట్ కావట్లేదంట. మా దోస్తు ప్రాజెక్ట్ రిపోర్ట్ అందులోనే ఉంది, ఆ రోజే సబ్మిట్ చేయాలె. వాడు ఏమీ అనలేదు, ఊరికే నా మొహం చూసిండు. తిట్టినా బాగుండు.

సంగతేందంటే, డిస్క్‌ను చదివే డ్రైవర్ విడిగా మాడ్యూల్‌గా ఉంటది. ఆ మాడ్యూల్ ఉండేది డిస్క్‌లోనే. తాళంచెవి లోపల పెట్టి తాళం వేసినట్టు. ఈ చిక్కు విప్పేదే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్. అవసరమైన డ్రైవర్లను మూటగట్టి పెడితే గ్రబ్ దాన్ని కెర్నల్‌తో పాటే మెమరీలోకి ఎక్కిస్తది. నేను ఆ మూటే కట్టలేదు.

కాపాడింది పాత కెర్నల్. షిఫ్ట్ నొక్కి పట్టి ఆన్ చేస్తే గ్రబ్ మెనూ వచ్చింది, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాతది ఎంచుకుంటే మామూలుగా లేచింది. జాగా లేదని దాన్ని ముందే తీసేద్దామనుకున్న! మా అయ్య కొత్త విత్తనం వేసిన ఏడు కూడా పాత విత్తనం సొరబుర్రలో దాస్తడు. చిన్నప్పటి నుంచి చూస్తూ కూడా నాకు తట్టలేదు.

తర్వాత వరుసగా చేసిన. ముందు మేక్ మాడ్యూల్స్ ఇన్‌స్టాల్ (చివరి రెండు మాటల మధ్య అండర్‌స్కోర్), ఆ తర్వాత మేక్ ఇన్‌స్టాల్. ఉబుంటులో ఈ రెండోదే కెర్నల్, సిస్టమ్ మ్యాప్, కాన్ఫిగ్ ఫైళ్లు బూట్‌లో పెట్టి, మూట కట్టి, గ్రబ్ మెనూలో కూడా చేరుస్తది. టైం తగ్గాలంటే లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ ఉంది. కానీ అది అప్పుడు లోడ్ అయి ఉన్న మాడ్యూల్సే ఉంచుతది, వైఫై డాంగిల్ పెట్టకుండా చేస్తే నెట్ పోతది. (అదీ అయింది నాకు.)

ఇక అన్న మాట. 1991లో లినక్స్ మొదలుపెట్టినప్పుడు లినస్ టోర్వాల్డ్స్ హెల్సింకీలో 21 ఏళ్ల స్టూడెంట్. ఆయనకు సొంత కంప్యూటర్ ఉండె, మనకు లేదు, ఆ తేడా చిన్నది కాదు. అందుకే అంటున్నా, హాస్టల్ ల్యాబ్‌లో ఖరాబైతదని ముట్టనియ్యరు. ఖరాబు చేసి బాగు చేయకుంటే లోపల ఏముందో మనకెప్పుడు తెలియాలె? మూలకు పడేసిన మిషన్ ఒక్కటి మాకియ్యమని ఎవరి హాస్టల్‌లో వాళ్లం వార్డెన్ సార్‌ను అడుగుదాం.

అంతవరకు ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాకే చేయండి. దోస్తు రిపోర్ట్ టైముకే ఇచ్చిండు. ఇప్పుడు వాడే అంటుండు, ఈసారి నన్ను కంపైల్ చేయనియ్యిరా అని.