చదివి చెప్పుటయు దానమే

దయ చూపుటకు ధనము కావలెనని పిల్లలు తలంతురు. కోనసీమలోని లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) ఆకలిగొని వచ్చినవారి కెల్ల అన్నము పెట్టిరి. ఆమె తన యింట నున్నదే పెట్టినది. మన యింట నున్నదేమి? రెండు లిపులు.

1953లో ఆలూరు, ఆదోని, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు పోగా, బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. కావున మనకు ఇంట తెలుగు, కచేరిలో కన్నడము. తోరణగల్లు ఉక్కు కర్మాగారమునకు పనికై వచ్చిన పరరాష్ట్రపు కూలివాడు బస్సు బోర్డు చదువలేక నిలిచియుండగా, చూచియు చూడనట్లు పోవుట మనకు తగునా? అవ్వకు వచ్చిన పింఛను కాగితమును చదివి చెప్పుటకు ఎంత సేపు పట్టును?

తల్లిదండ్రులారా! రెండు భాషలు బిడ్డలకు బరువని వగవకుడు. ఆ బరువే పరులకు ఊతకోల యగును.