సాయంత్రానికి ఏ ఇంటికి?

"ప్రాణం దక్కింది కదా, రొమ్ము మళ్లీ కట్టించుకోవడం సోకు కాకపోతే ఏమిటి?" ఈ వారం ఢిల్లీలో ఒక తెలుగువారి విందులో, బాగా చదువుకున్న పెద్దమనిషి అన్న మాట ఇది. నాకు ముద్ద దిగలేదు. సౌందర్య చికిత్సలకు బీమా వర్తించదన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ సైతం, క్యాన్సర్ తర్వాతి పునర్నిర్మాణాన్ని ఆ మినహాయింపులోంచి 2019లోనే తప్పించింది. మన మనసులే ఇంకా మారలేదు.

కోవిడ్ రోజుల్లోనూ పునర్నిర్మాణాన్ని ఇలాగే పక్కకు నెట్టారు. 2020 మార్చిలో ఢిల్లీ ఎయిమ్స్ అత్యవసరం కాని ఆపరేషన్లు ఆపింది, ఆ వెంటనే ఓపీ మూసింది. ఏప్రిల్ మొదట్లో డాక్టరుకే కోవిడ్ రావడంతో దిల్షాద్ గార్డెన్ క్యాన్సర్ ఆస్పత్రికి తాళం పడింది. హర్యానాలోని ఝజ్జర్‌లో ఉన్న ఎయిమ్స్ క్యాన్సర్ సంస్థను కోవిడ్ ఆస్పత్రి చేశారు. దేశంలో 41 క్యాన్సర్ కేంద్రాల లెక్క తీస్తే, ఆ మార్చి-మే నెలల్లో పెద్ద ఆపరేషన్లు ముందటేడు కంటే 49 శాతం తగ్గాయి. ఇక పునర్నిర్మాణం ఎవరికి గుర్తుంటుంది?

అదే సమయంలో అమెరికాలో కొన్ని ఆస్పత్రులు వేరే దారి పట్టాయి. పొట్ట మీది కొవ్వు, చర్మం తీసి రొమ్ముగా అతికించే సుదీర్ఘ సర్జరీలను పక్కనపెట్టి, ఇంప్లాంటో, చర్మాన్ని సాగదీసే ఎక్స్‌పాండరో అమర్చి అదేరోజు ఇంటికి పంపాయి. వార్డులో రాత్రి గడపక్కర్లేదు, వైరస్ భయం తగ్గుతుంది, బెడ్డూ మిగులుతుంది. తగిన రోగిని ఎంచుకుని చేస్తే ఈ పద్ధతి సురక్షితమే.

నా బెంగ అంతా ఇంటి గురించే. ఆపరేషన్ తర్వాత చంక కింద ద్రవం బయటికి తీసే గొట్టం, దాని చివర బల్బు. రోజూ చేతులు శుభ్రంగా కడుక్కుని, అందులోని ద్రవాన్ని కొలిచి, ఎన్ని ఎంఎల్లో రాసిపెట్టుకోవాలి. సాధారణంగా అది రోజుకు 30 ఎంఎల్ లోపుకు దిగాకే గొట్టం తీస్తారు. చర్మం ఎర్రబడినా, జ్వరం తగిలినా డాక్టరు వెంటనే అందాలి. గురుగ్రామ్ ఫ్లాట్‌లో ఇదంతా జరుగుతుంది. ఎయిమ్స్ మెట్రో దగ్గర ఫుట్‌పాత్ మీద దుప్పటి పరుచుకున్న శ్రీకాకుళం ఆడమనిషిని సాయంత్రానికి ఏ ఇంటికి పంపుతారు?

ఝజ్జర్‌లో ఇన్ఫోసిస్ ఫౌండేషన్ 806 పడకల విశ్రామ్ సదన్ కట్టించింది. చాలా మంచి పని. కానీ అది తెరుచుకున్నది 2021 అక్టోబరులో, రెండో వేవ్ కూడా ముగిశాక. అసలు ఆపరేషన్ థియేటర్‌తో పాటే రోగికి బస కట్టాల్సింది సర్కారు కాదా? ఢిల్లీలో మనకు ఆంధ్రభవన్ ఉంది, తెలంగాణ భవన్ ఉంది. నాయకుల వెంట వచ్చేవాళ్లకు దొరికే గదుల్లో కొన్నింటిని మన క్యాన్సర్ రోగుల పేరిట విడిగా రాసిపెట్టండి. ముఖ్యమంత్రులిద్దరూ సంతకం పెడితే అయ్యే పని. మరో మహమ్మారి వచ్చేదాకా ఆగొద్దు.